తేనెటీగల పెంపకం: రెండు రోజుల శిక్షణా, సీజను పొడవునా సాగే కోర్సా?

కొత్తపెట్టె:
అందరికీ నమస్కారం. తేనెటీగలు పెంచాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. ఈసారి గట్టిగా అనుకున్నాను. నాకు అందుబాటులో రెండు శిక్షణలున్నాయి. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఒక రోజు పాఠాలు, ఒక రోజు పెట్టె తెరిచి చూపించడం, చివర్లో సర్టిఫికెట్. రెండోది పూత రాకముందే మొదలై, తేనె తీత దాటి, పూలు తగ్గిపోయేదాకా నడుస్తుంది. వారం విడిచి వారం తరగతి. రెండింటి పాఠాల పట్టికా చూస్తే విషయాలు ఇంచుమించు ఒకటే. మరి అన్ని నెలలు పెట్టడం నిజంగా అవసరమా? పెట్టె, ఈగలు ముందే కొనుక్కుని చేరాలా, కోర్సు అయ్యాక కొనాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మైనపుగది:
సీజను కోర్సులోనే చేరండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

రాణి గుడ్డు పెట్టిన నాటి నుంచి కూలి ఈగ మైనపు అరలోంచి బయటికి రావడానికి మెలిఫెరా (యూరప్ జాతి) ఈగల్లో 21 రోజులు పడుతుంది. సెరానాలో (మన దేశవాళీ జాతి) ఒకటి రెండు రోజులు తక్కువ. మొదటి 3 రోజులు గుడ్డు, తర్వాత ఆరు రోజుల దాకా పురుగు, మిగతాదంతా మూత వేసిన అరలో. బయటికొచ్చాక కూడా వెంటనే పూల మీదికి పోదు. అరలు శుభ్రం చేయడం, పురుగులకు మేత పెట్టడం, మైనం కట్టడం, తెచ్చిన మకరందాన్ని అందుకుని దాచడం, వాకిలి దగ్గర కాపలా కాయడం, ఈ పనుల్లో ఇంకో మూడు వారాలు గడుస్తాయి. అంటే ఈరోజు పెట్టిన గుడ్డు మకరందం తెచ్చే ఈగ కావాలంటే దాదాపు ఆరు వారాలు. పూత విరగబూసేసరికి పెట్టె నిండా ఈగలుండాలంటే, దానికి ఆరు వారాల ముందే రాణి జోరుగా గుడ్లు పెడుతూ ఉండాలి. అందుకు అప్పటికే లోపల పుప్పొడీ, చోటూ ఉండాలి.

రెండు రోజుల శిక్షణలో ఈ లెక్క నోటితో చెబుతారు, మీరు రాసుకుంటారు. సీజను కోర్సులో మొదటి తరగతిలో మీరు చూసిన గుడ్లు మూడో తరగతికి ఈగలై చట్రం (పెట్టెలోంచి పైకి తీసే, పట్టు కట్టిన చెక్క ఫ్రేము) మీద తిరుగుతుంటాయి. అది కళ్లారా చూశాక, పెట్టె ఇవాళ ఎలా ఉందన్న దానికంటే మూడు వారాల తర్వాత ఎలా ఉండబోతోందన్న ఆలోచన ముందు వస్తుంది. నా దృష్టిలో తేనెటీగల పెంపకమంటే ముఖ్యంగా ఇదే.

ఇంకో మాట. ఒకే కుటుంబం కాలాన్ని బట్టి మారిపోతుంది. పూత మంచి జోరు మీదున్నప్పుడు చేతుల మీద పాకినా కుట్టని ఈగలే, పూత ఆగిపోయిన వారం మూత తీయగానే మీదికొస్తాయి. పూత రోజుల్లో మాత్రమే శిక్షణ తీసుకున్నవారికి ఆ రెండో ముఖం తెలియదు.

కొనడం గురించి: మొదట కోర్సు పెట్టెల మీద చేయి తిరగనివ్వండి. పూత ఇంకా మిగిలి ఉండగానే సొంత కుటుంబాలు తెచ్చుకోండి, వీలైతే రెండు. ఒక్కటే ఉంటే అది బాగుందో లేదో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. రాణి పోతే గుడ్లున్న చట్రం ఇవ్వడానికి కూడా రెండో పెట్టె కావాలి.

పొగడబ్బా:
నేను కొంచెం వేరేగా చెబుతాను. నేను ఏ కోర్సూ చేయలేదు. ఒక పాత పెంపకందారు వెంట పూతకాలమంతా పెట్టెలు మోస్తూ నేర్చుకున్నాను. ఆయన మూత తీయకముందే వాకిలి దగ్గర కాసేపు నిలబడేవారు. కాళ్లకు పుప్పొడి ఉండలు పెట్టుకుని ఈగలు హడావిడిగా లోపలికి పోతుంటే లోపల పురుగులు మేతకు ఎదురుచూస్తున్నాయని అర్థం. వాకిలి ముందు సుద్దముక్కల్లా గట్టిపడిన పురుగులు పడి ఉంటే బూజు తెగులు. మధ్యాహ్నం పూట ఈగలు పెట్టె వైపే ముఖం పెట్టి గాల్లో అటూ ఇటూ ఊగుతుంటే కంగారు పడక్కర్లేదు, కొత్త ఈగలు తమ ఇంటి గుర్తులు పట్టుకుంటున్నాయంతే. ఇలాంటివి తరగతి గదిలో వస్తాయా? మంచి గురువు దొరికితే కోర్సు అక్కర్లేదని నా అభిప్రాయం.

మైనపుగది:
మీరు చేసింది సీజను కోర్సే అండీ, విద్యార్థి ఒక్కరే, అంతే తేడా. అలాంటి గురువు అందరికీ దొరకరు కదా.

పుప్పొడిబుట్ట:
నేను కొత్తవాళ్లకు నేర్పుతుంటాను, అందుకని ఆ వైపు నుంచి నాలుగు మాటలు. కొత్తపెట్టె గారూ, కోర్సు వ్యవధి కంటే ముందు ఇది అడగండి: ప్రతి తరగతిలో నా చేత్తో నేను చట్రం ఎత్తుతానా? ఒక పెట్టె చుట్టూ పదిహేను మంది నిలబడి, నేర్పేవారు ఒక్కరే చట్రం తిప్పి చూపిస్తుంటే మీకు వచ్చేది చాలా తక్కువ. నలుగురైదుగురికి ఒక పెట్టె ఉండాలి. ఈగల మీద బతికే వరోవా నల్లుల లెక్క చేయిస్తారా, జబ్బుల గురించి ఫోటోలతోనైనా చెబుతారా, తేనె తీత అయ్యాక కూడా తరగతులున్నాయా అని కూడా అడగండి. తేనె తీతతో ముగించే కోర్సులు చాలా ఉన్నాయి. నా లెక్కలో అది సగంలో ఆపేయడమే.

కొత్తవాళ్లందరూ రాణిని వెతకాలని ఆత్రపడతారు. నేను మొదటి నెల ఆ పని చేయనివ్వను. గుడ్లు చూడడం నేర్పుతాను. ఎండ మీ భుజం వెనక నుంచి అరల లోపలి అడుగు మీద పడేలా నిలబడి, చట్రాన్ని కొద్దిగా వంచి పట్టుకోవాలి. అర లోపల అడుగు మీద బియ్యపు నూక కంటే సన్నగా తెల్లటి గీత కనిపిస్తుంది. మొదటి రోజు గుడ్డు నిటారుగా నిలబడుతుంది, రెండో రోజు వాలుతుంది, మూడో రోజుకి పడుకుంటుంది. నిలబడిన గుడ్డు కనబడిందంటే నిన్నో ఇవాళో రాణి ఇక్కడే ఉంది. అంతసేపు రాణిని వెతికి పిల్లను, అంటే అరల్లోని గుడ్లనూ పురుగులనూ, చల్లబరచాల్సిన పని లేదు. పిల్ల ఉన్న చోటును ఈగలు 34, 35 డిగ్రీల దగ్గర ఉంచడానికి ఎంత కష్టపడతాయో తెలిస్తే మూత ఎక్కువసేపు తీసి ఉంచబుద్ధి కాదు.

ఒక్కో అరలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటే మాత్రం ఆలోచించాలి. రాణి లేక కూలి ఈగలే గుడ్లు పెడుతుండవచ్చు. వాటికి జత కలవడం ఉండదు కాబట్టి ఆ గుడ్లలోంచి పోతుటీగలే వస్తాయి. పోతుటీగకు తండ్రి ఉండడని జీర్జోన్ అనే తేనెటీగల పరిశోధకుడు 1845లోనే చెప్పాడు. ఆ ఒక్క విషయం అర్థమైతే పెట్టెలో సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

చూపుతక్కువ:
నాకు దగ్గరి చూపు సరిగా ఆనదు. గుడ్లు కనిపించకపోతే ఈ పని పెట్టుకోకూడదా?

పుప్పొడిబుట్ట:
తప్పకుండా పెట్టుకోవచ్చు. తలకు తగిలించుకునే భూతద్దం దొరుకుతుంది, చట్రంలో బిగించే మైనపు రేకు నల్లటిది వాడితే తెల్ల గుడ్డు మరింత తేలిగ్గా కనిపిస్తుంది. తేనెటీగల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం అందించిన ఫ్రాన్స్వా హ్యూబర్ చూపులేని మనిషి. సహాయకుడు బర్నెన్స్ చూసి చెబుతుంటే, ఏం చూడాలో ఈయన అడిగేవాడు. పుస్తకం పేజీల్లా విప్పే పెట్టె తయారుచేయించుకున్నాడు. 1792లో అచ్చైన ఆయన పరిశీలనలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. సరైన ప్రశ్న వేయడం అలవాటైతే పక్కవాళ్ల కళ్లూ పనికొస్తాయి.

కొత్తపెట్టె:
అందరికీ ధన్యవాదాలు. సీజను కోర్సులో చేరాను. నలుగురికి ఒక పెట్టె. ఇంట్లో వాళ్లకు మాత్రం ఈగలు కుడతాయేమోనని భయం. నిజం చెప్పాలంటే నాకూ ఉంది. పొగ ఎందుకు పెడతారో కూడా ఎవరైనా సరిగ్గా చెప్పగలరా?

తోటనీడ:
భయం ఉండడం మంచిదే. కుట్టిన వెంటనే ముల్లు తీసేయండి. గోటితో గీకారా, వేళ్లతో లాగారా అన్నది ముఖ్యం కాదు. ఈగ పోయాక కూడా ఆ సంచి విషం ఎక్కిస్తూనే ఉంటుంది కాబట్టి ఎంత తొందరగా తీశారన్నదే ముఖ్యం. కుట్టిన చోట వాపు, మంట, రెండు మూడు రోజుల దురద మామూలే. ఒంటినిండా దద్దుర్లు, పెదవులో గొంతో వాచడం, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజక్షన్. అలర్జీ మాత్ర చాలదు. గతంలో ఎప్పుడైనా అలా జరిగి ఉంటే కోర్సు మొదటి తరగతికి ముందే డాక్టరును కలవండి. పెట్టెల దగ్గరికి ఒంటరిగా వెళ్లకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లడం అందరికీ మంచిది.

పొగ సంగతి. కుట్టిన ఈగ ఒక హెచ్చరిక వాసన వదులుతుంది, అందులో ముఖ్యమైనది ఐసోఅమైల్ అసిటేట్. మనకు అరటిపండు వాసనలా తగులుతుంది. మిగతా ఈగలు ఆ చోటికే వస్తాయి. పొగ ఆ వాసనను కప్పేస్తుంది, ఈగలు తేనె తాగడంలో పడతాయి. అందుకే కుట్టిన చోట చేతి మీద కూడా కాస్త పొగ పట్టాలి. పొగ చల్లగా, తెల్లగా, ఒత్తుగా ఉండాలి. మీ అరచేతి మీద ఊది చూసుకోండి, వేడి తగిలిందంటే ఈగలకూ కాలుతుంది. ఎక్కువ పొగ పెడితే శాంతిస్తాయని అనుకోవద్దు, రెండు మూడు ఊపులు చాలు. వాకిలికి ఎదురుగా, వాటి దారిలో ఎప్పుడూ నిలబడకండి.

పొగడబ్బా:
కోర్సు ఏ ఈగతో నడుస్తోందో కూడా తెలుసుకోండి. సెరానా పెట్టె, మెలిఫెరా పెట్టె కొలతలు వేరు, చట్రాలు ఒకదానిది ఒకదానికి పట్టవు. సెరానా చిన్న కుటుంబం, తేనె తక్కువ, ఇబ్బంది కలిగితే తేనెపట్టు వదిలి మొత్తంగా లేచిపోతుంది. కానీ వరోవా నల్లి మొదటి నుంచీ దాని మీదే బతికింది కాబట్టి దాంతో వేగడం దానికి తెలుసు. నల్లి అక్కడ ఎక్కువగా పోతుటీగల అరల్లోనే పిల్లలు పెడుతుంది. మెలిఫెరాలో కూలి ఈగల అరల్లోనూ పెరుగుతుంది. తేడా అంతా అక్కడే. ఒకదాని మీద నేర్చుకున్నది రెండోదానికి కళ్లు మూసుకుని వర్తింపజేయవద్దు.

పెట్టె ఎవరి దగ్గర చేయించినా చట్రాల మధ్య, గోడకూ చట్రానికీ మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీ చూసుకోండి. తగ్గితే జిగురుతో అతికిస్తాయి, పెరిగితే అక్కడ పట్టు కట్టేస్తాయి. చట్రం పైకి లాగే పెట్టె సాధ్యమైందే ఈ ఖాళీ వల్ల. లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికన్ పెంపకందారు దాన్ని 1851లో తన పెట్టెలో పెట్టి, మరుసటి ఏడాది పేటెంట్ తీసుకున్నాడు.

కొత్తపెట్టె:
నాలుగు తరగతులయ్యాయి. గుడ్లు ఇప్పుడు తేలిగ్గానే కనిపిస్తున్నాయి. పూత ఊపందుకుంది. మా పెట్టెలో ఒక చట్రం కింది అంచున వేరుశనగ కాయలా వేలాడే, కొత్త రాణిని పెంచే రాణి అరలు నాలుగు చూశాం. గిల్లేయమని ఒకరు, ముట్టుకోవద్దని ఒకరు. ఏం చేయాలి?

పొగడబ్బా:
గిల్లేయండి, తేనె గదిని (తేనె నిల్వకు పెట్టే పై అంతస్తు) పెట్టె మీద పెట్టండి. నేను ప్రతి వారం చేసేది అదే, నా దగ్గర గుంపు విడిపోవడం అరుదు.

మైనపుగది:
ఇక్కడ నేను ఒప్పుకోలేను. గిల్లేముందు ఒకటి చూడాలి: పెట్టెలో నిలబడిన గుడ్లు ఉన్నాయా? రాణి అరకు గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజుకు మూత పడుతుంది. వాతావరణం బాగుంటే పాత రాణి ఆ సమయంలోనే సగం మందిని వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. అప్పటికే అది వెళ్లిపోయి ఉంటే, మీరు గిల్లేసింది ఆ కుటుంబానికి మిగిలిన రాణినే. కొత్తవాళ్లకు రాణి లేని పెట్టెలు తయారయ్యేది ఎక్కువగా ఇలాగే.

వారానికోసారి చూడమని చెప్పేది కూడా ఆ ఎనిమిది రోజుల లెక్కతోనే. వారం విడిచి వారం జరిగే తరగతి పూత జోరులో సరిపోదు, మధ్య వారం ఎవరో ఒకరు చూడాలి.

అరలు చట్రం మధ్యలో ఒకటో రెండో ఉంటే అది వేరే సంగతి, ముసలి రాణిని మార్చుకుంటున్నాయి, వదిలేయాలి. కింది అంచున వరసగా ఉంటే విడిపోయే ఆలోచనలో ఉన్నాయి. ఒకసారి ఆ ఆలోచన పడ్డాక గిల్లినంత మాత్రాన మానవు, మళ్లీ కడతాయి. పాత రాణిని రెండు మూడు చట్రాలతో, ఈగలతో వేరే పెట్టెలోకి మార్చి, పాత పెట్టెలో ఒక మంచి అర ఉంచేస్తే విడిపోవడం మీ చేతుల మీదుగా జరిగినట్టు. వాటి కోరికా తీరుతుంది, మీకు రెండో కుటుంబమూ వస్తుంది.

పుప్పొడిబుట్ట:
మైనపుగది గారి మాటే నాదీ. పొగడబ్బా గారు ప్రతి వారం ప్రతి చట్రం ఈగలు దులిపి చూస్తారు కాబట్టి ఆయనకు చెల్లుతుంది. కొత్త చేతులకు ఒక అర కనబడకుండా మిగిలిపోతుంది, ఆ ఒక్కటి చాలు.

కొత్తపెట్టె:
పాత రాణి ఉంది, నిలబడిన గుడ్లూ ఉన్నాయి. గురువుగారి సమక్షంలో విడదీశాం. పాత పెట్టెలో కొత్త రాణి బయటికొచ్చిన గుర్తు కూడా చూశాం, అర కొన గుండ్రంగా మూతలా తెరుచుకుని ఉంది. కానీ తర్వాతి తరగతికి పెట్టెలో గుడ్లు లేవు, పురుగులు లేవు. అందరం దిగులు పడ్డాం. ఒక తోటివారు వెంటనే రాణిని కొని తెద్దామంటున్నారు.

మైనపుగది:
ఆగండి. గుడ్డు నుంచి రాణి రావడానికి 16 రోజులు. వచ్చాక ఐదారు రోజులు గట్టిపడాలి, మంచి ఎండ రోజుల్లో బయటికెళ్లి పది ఇరవై పోతుటీగలతో జతకట్టాలి, ఆ తర్వాత కొద్దిరోజులకు గుడ్లు మొదలవుతాయి. బయటికొచ్చాక రెండు మూడు వారాలు మామూలే, ముసురు పట్టిందంటే ఇంకాస్త. ఈ మధ్యలో మీరు కొన్న రాణిని పెడితే లోపలున్నది దాన్ని చంపుతుంది, లేదా కూలి ఈగలు చంపుతాయి.

నిర్ధారించుకోవాలంటే పక్క పెట్టె నుంచి గుడ్లూ, లేత పురుగులూ ఉన్న చట్రం ఒకటి ఇవ్వండి, దాని రాణి రాకుండా చూసుకుని. నాలుగైదు రోజులకు దాని మీద రాణి అరలు కట్టడం మొదలుపెడితే రాణి లేనట్టు, వాటికి కావలసిన రాణిని అవే తయారుచేసుకుంటున్నట్టు. ఏమీ కట్టకపోతే లోపల రాణి ఉన్నట్టే.

కొత్తపెట్టె:
చట్రం ఇచ్చాం. ఒక్క అరా కట్టలేదు. మొన్నటి తరగతిలో మధ్య చట్రంలో చక్కగా అరకొక్క గుడ్డు! తరగతి మొత్తం చట్రాన్ని చేతులు మార్చుకుంటూ చూసింది.

అదే రోజు నల్లుల లెక్క కూడా చేశాం. పిల్ల చట్రం నుంచి అరకప్పు ఈగలు, అంటే సుమారు 300, జాలి మూత సీసాలోకి తీసుకుని పొడి పంచదార పిండి చల్లి, కాసేపాగి తెల్ల పళ్లెంలోకి ఊపాం. పన్నెండు నల్లులు రాలాయి. పైకి మాత్రం ఒక్కటీ కనబడలేదు, ఈగలు చూడముచ్చటగా ఉన్నాయి. మందు పెట్టాలా?

పుప్పొడిబుట్ట:
మీది మెలిఫెరా కదా. 300కి పన్నెండంటే నూటికి నాలుగు. నూటికి మూడు దాటితే నేను ఊరుకోను. పైకి కనబడకపోవడం నమ్మదగ్గ గుర్తు కాదు, ఎక్కువ నల్లులు మూత వేసిన అరల్లోనే ఉంటాయి. ఆక్సాలిక్ ఆమ్లం మూత దాటి లోపలికి పోదు, పిల్ల లేని సమయంలో బాగా పనిచేస్తుంది. ఫార్మిక్ ఆమ్లం ఆవిరి మూతల కిందికీ వెళ్తుంది కానీ ఎండ తీవ్రంగా ఉంటే రాణికి ప్రమాదం. రెండూ చేతులు, ఊపిరితిత్తులు కాల్చే పదార్థాలే, కాబట్టి తగిన చేతితొడుగులు, ముఖకవచం లేకుండా ముట్టుకోవద్దు. మీ దగ్గర అనుమతి ఉన్న మందే, దాని కాగితంలో ఉన్న మోతాదులోనే వాడాలి. తేనె గది పైన ఉండగా ఏది వాడవచ్చో, ఏది కూడదో అదీ చదవండి. మందు పెట్టాక మళ్లీ లెక్క చేయాలి. ఈ రెండో లెక్క చేయకపోతే మందు పనిచేసిందో లేదో తెలిసే దారి లేదు.

చూపుతక్కువ:
నేనూ చేరాను, భూతద్దంతో. తేనె ఎప్పుడు తీయొచ్చు? మొదటి ఏడాది తీయకూడదంటారు, నిజమేనా?

తోటనీడ:
అంత గట్టి నియమం లేదు కానీ కొత్త కుటుంబం మొదటి పూతంతా మైనం కట్టడానికే ఖర్చుపెడుతుంది. పిల్ల గదిలో వాటి నిల్వ నిండాకే పైన తేనె గది గురించి ఆలోచించండి. తీసేటప్పుడు అరలు మూడొంతులకు పైగా మూత పడి ఉండాలి. అనుమానముంటే చట్రాన్ని అడ్డంగా పట్టి ఒక్క ఊపు ఊపండి, చుక్కలు రాలితే ఇంకా పచ్చి తేనె. తేమ 20 శాతం దాటితే పులిసిపోతుంది, 18 లోపుంటే నిశ్చింత. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె నాకించకండి, మీరు తీసిందైనా సరే, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు ప్రమాదం ఉంది.

ఎక్కడిదో తెలియని తేనెను ఈగలకు మేతగా పెట్టకండి. అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే, పురుగులను కుళ్లబెట్టే అంటుజబ్బు బీజాలు అందులో ఉండొచ్చు, అవి దశాబ్దాల పాటు చావవు. మూత కుంగి, చిల్లుపడి, అగ్గిపుల్ల పెట్టి లాగితే కాఫీ రంగు తీగలా సాగితే ఆ పెట్టెను, పరికరాలను కదిలించకుండా అధికారులకు తెలియజేయాలి.

కొత్తపెట్టె:
తేనె తీత అయిపోయింది, కోర్సు పెట్టె నుంచి మాత్రమే. మా రెండు పెట్టెలనూ ముట్టుకోలేదు. తరగతికి వచ్చేవాళ్లు సగానికి తగ్గారు. పూత పూర్తిగా ఆగింది, ఈగలు చిరాగ్గా ఉన్నాయి. ఇంకా రెండు తరగతులున్నాయి, పెట్టెలు తెరవడం కూడా తక్కువేనట.

పుప్పొడిబుట్ట:
ఆ రెండు తరగతులూ మానకండి, ఎక్కువ కుటుంబాలు పోయేది ఇకముందే. వాకిలిని ఒకటి రెండు ఈగలు పట్టేంతకు తగ్గించండి, లేకపోతే బలమైన పెట్టె వచ్చి బలహీనమైనదాన్ని దోచుకుంటుంది. వాకిలి దగ్గర ఈగలు కలబడుతున్నా, పెట్టె వెనకా పగుళ్ల దగ్గరా వాసన చూస్తూ తిరుగుతున్నా అది దోపిడీ మొదలన్నమాట. తెరిచినప్పుడు పని త్వరగా ముగించండి, తేనె చుక్క బయట పడనివ్వకండి. పెట్టెను వెనక నుంచి కొద్దిగా ఎత్తి బరువు చూడడం ఇప్పుడే నేర్చుకోండి. తేలిగ్గా లేస్తే రెండు పాళ్లు పంచదార, ఒక పాలు నీళ్లు కలిపిన పాకం సాయంత్రం పూట లోపల పెట్టండి. ఈగలు కప్పలేని ఖాళీ చట్రాలను తీసేయండి, మైనపు పురుగు వాటిలోనే చేరుతుంది. వాటిని రెండు రోజులు గడ్డకట్టే చలిలో ఉంచి, గాలి చొరబడని సంచిలో దాచుకుంటే వచ్చే పూతకు కట్టిన పట్టుతో మొదలుపెడతారు.

కొత్తపెట్టె:
ఇవాళ ఎత్తి చూశాను. ఒకటి బరువుగా ఉంది, విడదీసిన రెండోది తేలిక. పాకం పెట్టి వాకిలి తగ్గించాను. వచ్చే తరగతికి తప్పకుండా వెళ్తున్నాను, నల్లుల రెండో లెక్క ఆ రోజే.